అత్త డబ్బుతో వచ్చిన పాత జీపు

నా చిన్నప్పుడు మా ఇంట్లో రెండు నెలల పాటు ఒక జీపు ఉండేదంటే మా మనవలు నమ్మరు. నమ్మినవాళ్ళు నన్ను గొప్పింటి పిల్లననుకుంటారు. ఆ గొప్ప నాకొద్దు. జీపు మాట ఎత్తితే ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి. సిగ్గుపడాల్సిన పనులు మనిషన్నాక నాలుగైదు చేస్తాం, కొన్నిటిని మరిచిపోతాం కూడా. ఇది మాత్రం మరుపు రాలేదు.

మా ఊరు చింతామణికీ బాగేపల్లికీ మధ్యన, రోడ్డు దిగి మూడు మైళ్ళు లోపలికి ఉండేది. దారంటే పేరుకే దారి. అంతా గుండ్రాళ్ళు, మధ్యలో ఒక వంక. ఇంటింటా పట్టుపురుగులు పెంచేవాళ్ళు. పురుగు గూడు కట్టుకున్నాక నాలుగు రోజుల్లో దాన్ని సంతకు చేర్చి అమ్ముకోవాలి. ఆలస్యమైతే లోపలి పురుగుకు రెక్కలొచ్చి గూటిని తొలుచుకుని బయటపడుతుంది. బొక్కపడిన గూటిని ఎవరూ కొనరు. మా ఎడ్లబండి చింతామణి చేరడానికి ఒక పగలంతా పట్టేది, వంక పారితే అదీ లేదు. ఈ సంగతి వ్యాపారికి తెలుసు గనక తీరిగ్గా ఊళ్ళోకే వచ్చి, తనకు తోచినంత చేతిలో పెట్టి గూళ్ళు ఎత్తుకుపోయేవాడు.

అందుకని మా నాయన కన్ను జీపు మీద పడింది. ఆయన పెళ్ళికి ముందు బెంగళూరులో లారీల దగ్గర రెండేళ్ళు పనిచేసి బండి నడపడం నేర్చుకున్నాడు. పెద్ద యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు జీపులను వేలం వేస్తే, అవి చేతులు మారి మారి మా వైపు దాకా వచ్చేవి. చింతామణిలో ఒక రిపేరు షెడ్డులో అలాంటిది అమ్మకానికి ఉందని కబురొచ్చింది. కొత్తది మా ఏడు తరాలు అమ్ముకున్నా రాదు. పాతదానికైనా మా నాయన దగ్గర ఉన్నది సగమే. మిగతా సగం ఇంట్లోనే ఉంది గానీ అది మా నాయనది కాదు, మా మేనత్తది.

మా మేనత్త మా నాయనకు అక్క. చిన్న వయసులోనే మొగుడు పోతే పుట్టింటికి వచ్చింది. వచ్చి తిని కూర్చున్న మనిషి కాదు. రెండు గొర్రెపిల్లలతో మొదలుపెట్టి పన్నెండేళ్ళలో మందను చేసింది. మోకాళ్ళ నొప్పులతో ఇక మంద వెంట తిరగలేనని, ఆ ఏడే మొత్తం అమ్మేసింది. ఆ డబ్బుతో రెండు పాడి బర్రెలు కొనుక్కుని, రోడ్డు మీది కాఫీ హోటలుకు పాలు పోసుకుంటూ ఎవరి ముందూ చేయి చాపకుండా బతకాలని ఆమె కోరిక. మా అమ్మ ఏనాడూ ఆమెను ఒక్క మాట అనలేదు. అయినా తమ్ముడింట్లో తింటున్న కూడు తమ్ముడిదేనన్న బాధ ఆమెకు ఉండేది.

వారం రోజులు ఇంట్లో ఇదే చర్చ. పెట్రోలు ఖర్చు, అరిగిన టైర్లు, సామాను విరిగితే బెంగళూరు పోవాల్సి రావడం ఒక పక్క. ఊళ్ళోవాళ్ళ గూళ్ళు కూడా బాడుగకు వేసుకుపోతే వచ్చే రాబడి ఇంకో పక్క. మా అత్త జీపు గురించి కూడా ఎద్దును కొంటున్నట్టే ఆరా తీసింది.

"దానికి వయసెంతప్పా? మేతెంత తింటాది? జబ్బు చేస్తే చూసేవాడు యాడుండాడు?"

"అది బండిక్కా, ఎద్దు కాదు" అని నవ్వాడు మా నాయన.

"ఏదైతేనేమి, ముసలిదే గదా. ముసలిదాన్ని కొంటే దాని రోగాలు కూడా మనమే కొన్నట్టు" అన్నది.

కడకు ఒక షరతు పెట్టింది. మా వైపు ఆడవాళ్ళు ఎద్దులు అమ్మే పశువుల పరసకు పోయేవాళ్ళు కాదు. కానీ మగవాళ్ళు ఎద్దును చూడబోతే వెంట ఇంటి పిల్లను ఒకరిని పంపేవాళ్ళు. తిరిగొచ్చాక ఆడవాళ్ళు ముందుగా పిల్లను కూర్చోబెట్టుకుని ఎద్దు ఎట్లా నడిచింది, ఎక్కడ కుంటింది అని అడిగి, ఆ తరువాతే మగవాళ్ళ మాట వినేవాళ్ళు. మగవాడికి ఎద్దు మీద మనసు పడిందంటే దాని మచ్చలు కనపడవని మా అత్త అనేది. ఇప్పుడు కూడా అంతే. పిల్ల పోయి చూసి వచ్చి బాగుందంటేనే డబ్బు పెట్టె తాళం తీస్తానంది. ఆ పిల్లను నేనే. నాకప్పుడు పదేళ్ళు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను పక్క ఊరి ఇస్కూలుకు నడిచిపోయేదాన్ని. ఊరి లెక్కలు రాసే శానుభోగుగారి అమ్మాయి మాత్రం గుడారం కట్టిన బండిలో వచ్చేది. ఎండలో మేము నడుస్తున్నా ఒక్కరినీ ఎక్కించుకునేది కాదు. జీపు మాట ఇంట్లో పుట్టిన మర్నాడే నేను ఇస్కూలంతా చాటింపు వేశాను. తాలూకానేలే అమల్దారు దొరకు ఉన్నట్టు మాకూ జీపు వస్తోందని, ఇక శానుభోగుగారి బండి మా దుమ్ము తింటుందని చెప్పాను. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్టు ఉండింది నా వరస.

రాత్రే ఎడ్లబండి కట్టుకుని బయలుదేరినా, మా నాయనా నేనూ చింతామణి చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. షెడ్డు ఆయన మమ్మల్ని చూసి నవ్వుతూ ఎదురొచ్చాడు. బండి తుడిచి పెడతాను, ఈలోగా కాఫీ తాగి రండప్పా అని మా నాయనను ఎదుటి హోటలుకు పంపాడు. నేను వెళ్ళకుండా జీపు దగ్గరే ఉండిపోయాను. దాని పచ్చరంగునూ, ముందరి రెండు లైట్లనూ చూస్తూ కూర్చున్నాను. పదేళ్ళ ఆడపిల్లకు ఏం తెలుస్తుందిలే అనుకున్నాడేమో, ఆయన నా ఎదుటే ఒక బట్టల సబ్బు ముక్కను నీళ్ళతో మెత్తగా పిసికి, అందులో బొగ్గుపొడి కలిపి, జీపు కిందికి దూరాడు. నేను వంగి చూశాను. బండి బరువంతా మోసే ఇనుప దూలం ఒకటి అడుగున ఉంది. దాని మీద నా వేలు పట్టేంత పగులు. ఆ పగుల్లోకి సబ్బు ముద్దను కూరి, పైన గ్రీజు పూసి, దాని మీద మట్టి చల్లాడు. చూస్తుండగానే పగులు మాయమైంది.

బయటికి వచ్చి నన్ను చూశాడు. తరువాత నన్ను ఎత్తి సీట్లో కూర్చోబెట్టి, "హారన్ కొట్టు పాపా, మీ బండే ఇది" అన్నాడు. నేను కొట్టాను. బజారులో పోయే నలుగురూ తిరిగి చూశారు. ఆ చూపు నాకెంత నచ్చిందో చెప్పలేను.

మా నాయన వచ్చి, నేల మీద పడుకుని మరీ అడుగంతా చూశాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. "అప్పా, అక్కడ సబ్బుంది" అంటే అయిపోయేది. నేను ముందరి లైటును చేత్తో తుడుస్తూ ఉండిపోయాను.

ఇంటికి రాగానే మా అత్త నన్ను వెనక పంచలోకి తీసుకుపోయి, మంచినీళ్ళిచ్చి, ఎదురుగా కూర్చుంది.

"చూసినావా అమ్మీ?"

"చూసినా అత్తా. బాగుండాది."

"కింద కూడా చూసినావా? ఏమైనా లోపముండాదా?"

"ఏమీ లేదత్తా."

ఆమె ఇంకో మాట అడగలేదు. లేచి పెట్టె తాళం తీసింది. నేను నీళ్ళ చెంబు అక్కడే పెట్టి బయటికి పరుగెత్తాను. అది భయమో సంతోషమో అప్పుడు నాకే తెలియలేదు. ఇప్పుడు తెలుసు, రెండూ కాదు, అది సిగ్గు.

జీపు వచ్చింది. ఒకరోజు మా నాయన నన్ను ఇస్కూలు దగ్గర దించాడు కూడా. శానుభోగుగారి అమ్మాయి గుడ్లప్పగించి చూసింది. నేను అనుకున్నంత ఆనందం రాలేదు. బండి రాయి మీద ఎక్కిన ప్రతిసారీ నా ప్రాణం ఆ దూలం మీదే ఉండేది. అయినా చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఉన్నాను. రోజు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది.

రెండు నెలలకు, మాదీ ఊళ్ళోవాళ్ళదీ గూళ్ళన్నీ బుట్టలకెత్తి సంతకు బయలుదేరాం. మా అత్త కూడా వచ్చింది, ఆ రాబడిలో ఆమెకు వాటా ఉంది. వంకలో దిగి అవతలి గట్టు ఎక్కుతుండగా కింద ఫట్టుమని మోగింది. జీపు నడుము విరిగిన పశువులా మధ్యకు కూలబడింది. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బలు తగలలేదు గానీ బుట్టలన్నీ వంకలోకి దొర్లిపోయాయి. తడిసిన గూడు ధర పలకదు. మా నాయన తల బాదుకుని, బండ్లు దొరుకుతాయేమోనని ఊరివైపు పరుగెత్తాడు.

నేనూ మా అత్తా మోకాళ్ళ లోతు నీళ్ళలో గూళ్ళు ఏరుతున్నాం. ఏరుతూ ఏరుతూ ఆమె విరిగిన దూలం దగ్గర ఆగింది. గోటితో అంచును గీకి, వచ్చినదాన్ని అరచేతిలో వేసుకుని నీళ్ళు తగిలించి రుద్దింది. నల్లటి నురగ వచ్చింది. రోజూ బట్టలుతికే మనిషికి అదేమిటో ఒకరు చెప్పాలా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను తల వంచేశాను. ఆమె నా వైపు తిరిగింది.

"నువ్వు చూసినావు గదా?"

తల ఊపాను. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆమె చేయి నీళ్ళలో కడుక్కుని, మళ్ళీ గూళ్ళు ఏరడం మొదలుపెట్టింది. ఏరుతూనే, నా వైపు తిరగకుండా అన్నది.

"ఆశపడితివి. ఆశ తప్పు కాదమ్మీ. పగులుండాది, అయినా నాకు జీపు కావాల అని చెప్పింటే నేను ఆలోచించుకొందును. ఇచ్చినా తెలిసి ఇచ్చిందాన్నయ్యుందును. నన్ను గుడ్డిదాన్ని చేస్తివే."

నేను ఏడ్చాను. ఆమె ఊరుకోబెట్టలేదు, తిట్టలేదు. మా నాయన బండ్లతో తిరిగొచ్చి, విరిగినచోట పాత పగులు చూసి, మోసపోయామంటూ షెడ్డు ఆయనను తిట్టి తిట్టి, నా వైపు తిరిగి, "నువ్వక్కడే ఉంటివి గదా, ఏమీ చూడలేదా?" అని అడిగాడు. నాకంటే ముందు మా అత్తే మాట్లాడింది.

"బిడ్డనేమడుగుతావప్పా. ముసలిదని తెలిసే గదా నేను డబ్బిచ్చింది. నా ఆశే నన్ను ముంచింది."

షెడ్డు ఆయన, అమ్మేటప్పుడు బాగానే ఉందన్నాడు. జీపు పాత ఇనుము కింద అమ్ముడుపోయింది. మా అత్త బర్రెలు కొనలేదు. ఆ నొప్పుల కాళ్ళతోనే మళ్ళీ రెండు గొర్రెపిల్లలను తోలుకుని మిట్టలెక్కడం మొదలుపెట్టింది. సాయంత్రం ఆమె వచ్చి గడప మీద కూర్చుని మోకాళ్ళు పట్టుకుంటే, నేను ఆముదం కాచి తెచ్చి రాసేదాన్ని. ఆమె కాళ్ళు చాపేది. ఆ సంగతి మాత్రం ఎన్నడూ ఎత్తలేదు.

మరుసటి ఏడు మా నాయన ఎద్దు కోసం పరసకు బయలుదేరాడు. ఈసారి పక్కింటి పిల్లవాణ్ణి తోడు పంపుతారనుకుని నేను మూలన కూర్చున్నాను. మా అత్త నన్నే పిలిచి తల దువ్వి, "పోయి చూసి రా అమ్మీ" అన్నది. వంకలో ఏడ్చినదానికంటే ఆ రోజు దారిలో ఎక్కువ ఏడ్చాను. తిరిగొచ్చి ఆమె ఎదుట కూర్చుని, వెనక కుడికాలు ఈడుస్తోందని, కొమ్ము మొదట్లో పాత పుండు ఉందని, అయినా ఆ ఎద్దు నాకు చాలా నచ్చిందని చెప్పాను. ఆమె అంతా విని, ఇప్పుడు చెప్పినావు సరిగ్గా అని మా నాయనతో మాట్లాడటానికి లేచింది.

ఇల్లు కొనేవాళ్ళు, సంబంధం చూసేవాళ్ళు ఈ ముసలిదాని మాట అడిగితే నేను ముందు పగులు చెబుతాను, ఆ తరువాత నా ఆశ చెబుతాను. రెండూ చెప్పి ఊరుకుంటాను. అది మా అత్త పెట్టిన భిక్ష. కానీ మా నాయనకు ఆ నిజం నేను చెప్పనేలేదు. "రెండేండ్లు లారీల కింద పండుకొన్న నాకు ఆ పొద్దు కండ్లు యాడ పోయినాయో" అని ఆయన పోయేదాకా తనను తానే తిట్టుకునేవాడు. అన్నప్పుడల్లా నేను పక్కనే ఉండేదాన్ని, అన్నం వడ్డిస్తూనో, మందు కలుపుతూనో.