కప్పు చెప్పని మాట

మా కాక బొగ్గుబాయిల కప్పు పరీక్ష చేసేటోడు. ఎడమ అరచెయ్యి పైకప్పుకు ఆనించి, కుడిచేత్తోని కట్టెతో కొట్టేటోడు. చెయ్యి అదిరితే కప్పు బోలు, జల్ది బయటికి రావాలె.

మెదడుల చిన్న రక్తనాళం ఉబ్బిందని, పగుల్తదో లేదో చెప్పలేమని దవాఖానల చెప్పినప్పటినుంచి కాక ఒక్కతాన కూసోలేదు. క్వార్టర్ ముందట తిరుక్కుంటనే, నెత్తికి అరచెయ్యి ఆనించి వేళ్లతోని కొట్టుకునేటోడు.

"బాయిల కప్పు పడేముందు చెప్తది. ఇది చెప్తలేదు," అనేటోడు.

ఒకనాడు నా అరచెయ్యి తన నెత్తిమీద పెట్టుకొని కొట్టిండు.

"ఎట్లున్నది బిడ్డా?"

"గట్టిగనే ఉన్నది కాకా," అన్న.

తిరుగుడు ఆపి, కూసొని చాయ్ అడిగిండు.

చెయ్యి అదిరిన సంగతి చెప్పలేదు. అదిరింది నా చెయ్యో, ఆయన తలనో, నాకిప్పటికీ తెల్వదు.