మలకీ చూపుడువేలు

మా మేయో జిల్లా కొండదారుల్లో కారు తోలుతుంటే ఎదురుగా మనిషి కనబడితే, పలకరింపుగా స్టీరింగు మీంచి చూపుడువేలు ఒక్కటి పైకి లేపాలి. చెయ్యంతా ఊపితే అతి, ఊరుకుంటే పొగరు. పగవాడికైనా లేపాల్సిందే, తిట్టుకోవడం తర్వాత. ఈ విషయంలో మలకీ ఫీరిక్ అంత నిష్ఠాపరుడు ఇంకొకడు లేడు. శవాన్ని తీసుకెళ్లే బండికి కూడా వేలు లేపేవాడు. అదేమిటయ్యా అంటే, లోపలాయనకి మాత్రం మర్యాద అక్కర్లేదా అనేవాడు.

అలాంటివాడు ఆ వేసవిలో తన పొట్టేలు పోటీలో గెలిచినప్పటి నుంచి మానేశాడు. నేను పోస్టాఫీసు గుమ్మంలో నిలబడి వేలు లేపడం, అతను కారులో దొరలా సాగిపోవడం. ఇది రోజూ జరిగే తంతు.

మా ఊరి పోస్టాఫీసు నడిపేది నేనే. కౌంటరు వెనక కూర్చుంటే నా నోరు ఊరుకోదు. "పోటీలో పొట్టేలుకి మొదటి బహుమతి వచ్చింది, కొమ్ములేమో ఈయనకి మొలిచాయి" అన్నాను. స్టాంపుల కన్నా ఆ మాటే ఎక్కువ అమ్ముడుపోయింది. ఒకటో తరగతిలో నా బెంచీ మీద కూర్చున్నవాడు, అందుకే నాకు మరీ మండింది. గుమ్మంలోకి రావడమే మానేశాను. నాలుగు నెలలు పలకరించలేదు. నేను అలిగిన సంగతి అతను గమనించినట్టే లేదు. అది ఇంకో మంట.

నవంబరులో ఒక ఉదయం అతని కారు మా గేటు స్తంభాన్ని గుద్ది పడగొట్టింది. అతని భార్య అట్రాక్టా పక్క సీట్లో ఉంది.

"కళ్లు నెత్తికెక్కాయా?" అని అరుస్తూ వెళ్లాను.

"స్తంభం కనబడలేదు డింఫ్నా."

"నలభై ఏళ్లుగా అక్కడే ఉంది! నేనూ ఉన్నాను. నేనూ కనబడటం లేదు కదా నీకు!"

"నువ్వెక్కడున్నావ్? వేసవి నుంచీ గుమ్మంలోకే రావు. నీకే పొగరెక్కిందనుకున్నా."

అట్రాక్టా దిగి తలుపు ధడాలున వేసింది. "ఇంట్లోనూ ఇదే వరస డింఫ్నా. మోచేతి పక్కన టీ కప్పు పెడితే తోసేస్తాడు. తలనొప్పంటాడు. కళ్లు చూపించుకోవయ్యా అంటే, గొర్రెలు కనబడుతున్నాయిగా అంటాడు."

నా కోపం సగంలో ఆగింది. "కదలకుండా నా ముక్కు వంక చూడు" అని అతని చెవి పక్కన వేలు లేపాను. "ఏం కనబడుతోంది?"

"నీ ముక్కు. చలికి కారుతోంది."

వేలు మెల్లగా ముందుకు జరిపాను. చెంప దాటింది, కంటి కొస దాటింది. దాదాపు ముఖానికి ఎదురుగా వచ్చాక "ఆ, వేలు" అన్నాడు. రెండో పక్కా అంతే. పక్క చూపు బొత్తిగా లేదు. నేను లేపిన వేళ్లలో ఒక్కటీ ఆ మనిషి కంట పడలేదు. నేనేమో ఊరంతా టముకు వేశాను. కారు తాళాలు లాక్కుని నా జేబులో వేసుకున్నాను.

డబ్లిన్ డాక్టర్లు తల ఫొటోలు తీసి సంగతి చెప్పారు. మెదడు అడుగున పిట్యూటరీ అని శనగగింజంత గ్రంథి ఉంటుందట. దాని దగ్గర గడ్డ పెరిగింది. క్యాన్సర్ కాదు, కానీ కంటి నరాల్ని కిందనుంచి నొక్కుతోంది. తీయకపోతే చూపంతా పోతుంది. తీసినా, పోయిన చూపు ఎంత తిరిగొస్తుందో చెప్పలేమన్నారు. కొండమీద గొర్రెల్ని వెతుక్కుని బతికేవాడితో చెప్పే మాటేనా అది?

"ముక్కులోంచి వెళ్లి తీస్తారట" అన్నాడు మలకీ ఆసుపత్రికి బయల్దేరే ముందు.

"నీ ముక్కులోంచయితే ట్రాక్టరే తోలొచ్చు" అంది అట్రాక్టా. ముగ్గురం నవ్వాం. కానీ ఆవిడ పట్టుకున్న అతని చెయ్యి మాత్రం వదల్లేదు.

ఆపరేషన్ రోజు చర్చిలో మూడు కొవ్వొత్తులు వెలిగించి వచ్చి కౌంటరు తెరిచాను. స్టాంపు కోసం వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పాను, కొమ్ములు మొలిచింది మలకీకి కాదు, నాకని. ఎవరూ కాదనలేదు. అదొక్కటి కొంచెం నొప్పించింది.

మూడోరోజు వంటసోడా వేసి చేసే మా ఊరి రొట్టె ఒకటి కాల్చి, గుడ్డలో చుట్టుకుని రైలెక్కాను. వార్డు గుమ్మం దాకా వెళ్లాక ధైర్యం చాలలేదు. మలకీ మంచం మీద ఆనుకుని కూర్చున్నాడు. ముక్కు కింద దూది కట్టు, తెల్ల మీసంలా. ఎదుటి గోడకున్న టీవీలో వాతావరణ వార్తలు చూస్తున్నాడు. కుర్చీలో అట్రాక్టా కునికిపాట్లు పడుతోంది. గుమ్మం సరిగ్గా అతని ఎడంచేతి పక్కనుంది.

పిలవలేదు. రొట్టె చంకన పెట్టుకుని వేలు లేపాను.

అతను తల తిప్పలేదు. మేయోలో వాన అంటోంది టీవీ. నా వేలు అలాగే ఉంది.

దుప్పటి మీదున్న అతని చూపుడువేలు పైకి లేచింది.

"లోపలికి తగలడు, పొగరుబోతా" అన్నాడు టీవీ వంకే చూస్తూ. "అయ్యో, ఏడవకు. నువ్వేడిస్తే నాకు నవ్వొస్తుంది. నవ్వితే ముక్కు ఊడి పడుతుందన్నారు."