గరీబు జింక

ఈ పొద్దున బడి గేటు ముందు మిర్చి కూలీల బండి వచ్చి ఆగింది. కిందటేటి ఘాటు ఇంకా దాని చెక్కలకు పట్టే ఉందేమో, వరండాలో కూర్చున్న నాకు తుమ్ము వచ్చింది. లేచి నిలబడితే మోకాలు టిక్కుమంది. అంతే, సుగుణబాయి వచ్చి పక్కన నిలబడినట్టయింది. మహారాష్ట్ర అంచున, మా సిరోంచ వైపు మరాఠీ బళ్లలో టీచరమ్మను బాయి అంటాం. మా బాయి నడుస్తుంటే కుడికాలి చీలమండ అడుగడుగుకూ టిక్కు టిక్కుమనేది. ఆమె మూల తిరగకముందే క్లాసంతా బుద్ధిగా సర్దుకునేది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా మమ్మల్ని పట్టుకోవాలని ఏనాడూ దొంగచాటుగా రాలేదు.

నేను ఆరో తరగతిలో ఉండగా ఒకరోజు ఉత్తర ధ్రువం వైపు దేశాల పాఠం చెప్పింది. పుస్తకం మరాఠీది, మా చెవులు తెలుగువి. మరాఠీలో చదవడం, వెంటనే మా మాటల్లోకి తిప్పడం ఆమె పద్ధతి. మంచు దేశంలో మందలు మందలుగా తిరిగే జింక ఉంటుందనీ, దాని పిల్ల పుట్టిన రోజే లేచి తల్లి వెంట నడుస్తుందనీ, దాని పేరు కారిబూ అనీ చెప్పింది. మంచంటే మాకు పొద్దున్నే పత్తిచేను మీద కురిసేదే. ఇక ఆ పేరు నా చెవిలో ఎట్లా పడిందో ఏమో, గబుక్కున లేచాను.

"బాయీ, దానికి గరీబని ఎందుకు పేరు పెట్టిండ్రు? తిండి దొరకదా దానికి?"

క్లాసు గొల్లుమంది. బాయి కూడా నవ్వింది. నవ్వి, సుద్దముక్క పక్కన పెట్టి, "గరీబు గాదే పిల్లా, కారిబూ! అక్కడోళ్లకు అదే దౌలత్" అంది. "తినేది దాని మాంసం. తొడిగేది దాని తోలు. ఆ తోలు కుట్టే దారం దాని నరం. కొమ్ములతోని పనిముట్లు చేసుకుంటరు. పంట పండని జాగల గది రాకపోతే ఇగ ఉపాసమే. మరి మనకు గసోంటిది ఏమున్నది? చెప్పుండ్రి."

ఒకడు ఇప్పచెట్టన్నాడు. ఇంకొకడు ఎడ్లన్నాడు. నేను మిరపకాయ అన్నాను. మళ్లీ అందరూ నవ్వారు, ఈసారి బాయి నవ్వలేదు. మాకు భూమి లేదు. ఏటా కాయ ఎర్రబడగానే గోదావరి దాటి తెలంగాణ మిరపచేలకు కాయ ఏరడానికి పోయేవాళ్లం. ఆ కూలే మా ఏడాది తిండి.

"నువ్వు గూడ పోతవా?" అని అడిగింది.

"పోత బాయీ. ఈ వారమే."

కిందటేడూ అట్లాగే బడి మధ్యలో వదిలి పోయాను. ఇంకోసారి పోతే నా చదువు అక్కడితో సరి అని నాకు తప్ప అందరికీ తెలుసు.

ఆ సాయంత్రమే మా వాకిట్లో టిక్కు టిక్కు వినబడింది. అమ్మ మూట కడుతున్నది. నాయన హడావుడిగా మంచం వాల్చాడు. బాయి కూర్చోలేదు.

"పిల్లను నా ఇంట్ల ఇడిశి పోండ్రి. మీరు వచ్చేదాక నేను చూసుకుంట."

"వచ్చినంక సదువుకుంటది తియ్యి బాయీ. సదువు యాడికి పోతది?" అన్నాడు నాయన.

"సదువు యాడికీ పోదు రాజన్నా. పోయేది పిల్లనే."

అమ్మ మూట ముడి బిగించింది, మళ్లీ విప్పింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. అమ్మ లేకుండా, అందులోనూ టీచరమ్మ ఇంట్లో! ఆమె చెప్పిన పాఠమే ఆమెకు అప్పజెప్పాను.

"మీరే చెప్పిండ్రు గద బాయీ, కారిబూ పిల్ల తల్లెంబడే నడుస్తదని! నేనెందుకు ఉండాలె?"

బాయి నా వైపు తిరిగింది. "చెప్పిన. నడుస్తది. ఎందుకు నడుస్తది? మేత ఉన్న కాడికని నడుస్తది. మీ అమ్మ మేత గోదారి అవతల ఉన్నది. నీ మేత ఈడ బడిల ఉన్నది. అటు పోతే నువ్వు ఆకలితోనే వాపస్ వస్తవ్."

"మేత మెయ్య నా బిడ్డేమన్న పసరమా బాయీ?" అని నాయన నవ్వబోయాడు. అప్పటికే అమ్మ మూటలోంచి నా బట్టలు తీసి నా చేతిలో పెడుతున్నది.

"ఉండు బిడ్డా. ఆ చేన్ల నీ కండ్లు మండుతుంటే చూడ నాతోని అయితలేదు."

అమ్మ లోపల ఆ బాధ ఉందని నాకు ఆ రోజే తెలిసింది. ఏడ్చాను, ఏడుస్తూనే ఉండిపోయాను.

బాయి ఒంటరి మనిషి. ఆమె చారులో ఎప్పుడూ ఉప్పెక్కువ, మాటల్లో ముద్దు తక్కువ. అమ్మ మీద బెంగతో నేను తినకపోతే, "ఏడ్సుడైనంక తిను, తిన్నంక లెక్కలు చేద్దాం" అనేది. ఏడవొద్దని ఒక్కసారీ అనలేదు, లెక్కలు మాత్రం ఒక్కరోజూ మాననియ్యలేదు. ఒక పొద్దున, ఆమె పొయ్యి దగ్గర తిరుగుతుంటే ఆ చప్పుడు గురించి అడిగేశాను.

"నొప్పి లేస్తదా బాయీ?"

"లేస్తది. లేస్తే ఏంది, నడుసుడు బంద్ చెయ్యాల్నా? కారిబూ కాళ్లు గూడ గిట్లనే టిక్కుమంటయట. మంచు గాలి కొట్టి కండ్లకు ఏం కానరానప్పుడు ముందటిదాని కాళ్ల సప్పుడు ఇనుకుంట ఎనుకది నడుస్తదని అంటరు."

అంతదాకా ఆ చప్పుడంటే మాకు హడలు. ఆ తరవాత మాత్రం అది వంటింట్లో తిరుగుతుంటే నాకు ధైర్యంగా ఉండేది. పరీక్షలు రాశాను. తిరిగి వచ్చిన అమ్మ, మిరప మంట పోని చేతులతో నా మొహం ముట్టకుండా మోచేతులతోనే దగ్గరికి లాక్కుంది. పాస్ అయ్యానని చెప్తే, ముందు బాయి ఇంటికి పోయి వద్దాం పద అంది.

బాయి ఇప్పుడు లేదు. ఆమె ఉన్న తాలూకాలోనే ఈ చిన్న బడికి నేనే బాయిని. బండి ఎవరి కోసం వచ్చిందో నాకు తెలుసు. నాలుగో తరగతి పోశక్క నిన్నటి నుంచి బడికి రాలేదు. దాని తండ్రి నిన్న నాతో, వచ్చినంక సదువుకుంటది తియ్యి బాయీ అనే అన్నాడు. ఒకసారి వద్దంటే వెనక్కి తగ్గేదాన్నా నేను? ఆ పిల్లను ఈ బండి ఎక్కనిచ్చేది లేదు. చెప్పులు వేసుకుని బయలుదేరాను. ఎండ అప్పుడే చురుక్కుమంటున్నది. వాళ్ల ఇంటి ముందున్న బండలెక్కుతుంటే మోకాలు ఒక్కో బండకూ టిక్కు టిక్కుమంది. తలుపు ఇంకా తట్టనే లేదు. లోపలి నుంచి పోశక్క గొంతు వినబడింది.

"అమ్మా, బాయి వస్తున్నది. మూటలకెల్లి నా బట్టలు తియ్యి."