చప్పుడు ఆగిన రొట్టెల మూట

నా చిన్నప్పుడు ఒకసారి మా రాష్ట్రాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు బస్సుల్లో దాటాను. తలచుకుంటే ఇప్పటికీ నడుము నొస్తుంది. రాయచూరు నుంచి మంగళూరు దాకా నేనూ, మా అవ్వా, అంటే మా నాయన తల్లి. నాయన కూడా వచ్చాడు గానీ దారంతా గురకపెట్టిన మనిషిని ఏం లెక్కలో వేసుకుంటాం!

ఉద్యోగానికని మంగళూరు వెళ్ళిన మా మామ, అంటే మేనత్త భర్త, ఫోన్ చేశాడు. మా మేనత్తకు కాన్పులో బిడ్డ దక్కలేదు. ఆమె గోడవైపు తిరిగి పడుకుందట, మెతుకు ముట్టడం లేదట. ఏం తింటావని బతిమాలితే, 'మా అమ్మ చేసే కడక్ రొట్టె' అని మాత్రం అందట. ఇక మా అవ్వ ఆగుతుందా? జొన్నరొట్టెలు కాల్చి, కరకరలాడేదాకా పెనం మీదే ఆరనిచ్చి, పాత పంచెలో మూటగట్టి ఒళ్ళో పెట్టుకుంది.

సింధనూరు దాటాం, హోస్పేట దాటాం. ఎండ, దుమ్ము, ఇంకో బస్సు. నాకు విసుగొచ్చి "ఇంకెంత దూరం?" అని అవ్వను పీక్కుతిన్నాను. చివరికి ఆమె మూట కదిపి గలగలమనిపించింది.

"సప్పుడైతుందా? గిట్ల సప్పుడైనంతసేపు మన దిక్కే ఉన్నట్టు. ఆగితే అత్త ఊరొచ్చినట్టు. అందాక నన్ను పరేషాన్ చెయ్యకు."

నా నోరు మూయించడానికి వేసిన ఎత్తు అది. నేను నమ్మేశాను. రాత్రి శివమొగ్గ బస్టాండు బల్ల మీద పడుకుని, మర్నాడు ఘాట్ రోడ్డు ఎక్కేసరికి వాన పట్టుకుంది. తడిగాలి బస్సంతా నిండింది. మూట కదిపి చూశాను. చప్పుడు లేదు.

"అవ్వా, ఆగింది! అత్త ఊరొచ్చింది!"

అవ్వ మూటలో చెయ్యి పెట్టింది. రొట్టెలు తడిగుడ్డల్లా వంగాయి. ఎండలోనే పుట్టి పెరిగిన మనిషి, గాలికి కూడా తడి ఉంటుందని ఆమెకేం తెలుసు! "అయ్యో, నా కష్టమంత మన్నుల గలిసిపాయె," అని కొంగు నోట్లో కుక్కుకుంది.

అత్త ఇల్లు చేరేసరికి అవ్వ పాదాలు వాచి చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగబడ్డాయి. మామ కుర్చీ వేశాడు.

"కూసుంటే మల్ల లేవలేను నాయనా. పొయ్యి యాడుంది?"

బొగ్గుల పొయ్యి ముందు నిలబడి మెత్తబడ్డ రొట్టెను పట్టకారుతో పట్టి సన్నని సెగ మీద తిప్పింది. అన్నీ ఒకేసారి చేస్తే మళ్ళీ మెత్తబడతాయని ఒక్కొక్కటే చేసింది. మొదటిది పల్లీల పొడితో నాచేత పంపింది. అత్త దాన్ని చాలాసేపు చేత్తో పట్టుకునే కూర్చుంది. తర్వాత కరుక్కున కొరికింది. వంటింట్లో పట్టకారు చప్పుడు ఆగిపోయింది.

"అమ్మా, ఇంకోటి తే," అంది అత్త, ఏడుస్తూనే నములుతూ.

"తెస్త బిడ్డా, తెస్త."

అత్త కడుపు నిండాకే అవ్వ వంటింటి గోడకు ఆనుకుని కూలబడింది. పట్టకారు చేతిలో ఉండగానే నిద్రపోయింది.

నేనిప్పుడు అప్పటి అవ్వ వయసు దాటాను. పిల్లలు నన్ను ఏసీ కారులో తిప్పుతారు, అయినా దిగేసరికి మోకాళ్ళు మొరాయిస్తాయి. పరామర్శకు వెళ్ళిన ఇంట్లో ముందు కుర్చీ చూపిస్తారు. నేను మాత్రం కష్టంలో ఉన్న మనిషి ఏ గదిలో ఉందో అడిగి అటే నడుస్తాను. కూర్చుంటే మళ్ళీ లేవలేనని నాకు తెలుసు.