రిసీవరుకు బర్రెల కొట్టం

మా ఆయన పోయాక నా వంతుకు వచ్చిన సామాను ఒక్కటే, పాత స్టీరియో రిసీవరు. వంతులేమీ వేసుకోలేదు. ఇంట్లో ఇంకెవరికీ అది అక్కర్లేదు, అంతే. వెండి రంగు ముఖం, రెండు పక్కలా చెక్క, గుండ్రటి పెద్ద బొత్తాలు, వెలిగిస్తే లోపల నీలం దీపం. రేడియో దాంట్లోనే వస్తుంది. క్యాసెట్ల డబ్బాను దానికి తగిలిస్తే పాటను పెద్దది చేసి రెండు స్పీకర్లకు పంపుతుంది. దుబాయి నుంచి వచ్చినాయన ఒకడు మలక్‌పేటలో ఇల్లు ఖాళీ చేస్తుంటే మా ఆయన దాన్ని కొని, ఆటోలో ఒళ్లో పెట్టుకుని గౌలిపురా దాకా తెచ్చాడు. కన్న కొడుకును కూడా అంత జాగ్రత్తగా ఎత్తుకోలేదు.

దాని ముఖం మీద ఇంగ్లీషులో ఏమేమో రాసుంటుంది. నాకు చదవరాదు. ఏది తిప్పితే ఏమవుతుందో నా వేళ్లకు తెలుసు.

దాని మీద మా ఇద్దరికీ ముప్పై ఏళ్లు ఒకటే లొల్లి. మా ఇళ్లలో వస్తువు విలువైనదైతే దాని మీద గుడ్డ కప్పాలి. టీవీకి గుడ్డ, మిక్సీకి గుడ్డ, కుట్టుమిషనుకు గుడ్డ, ఫ్రిజ్జు నెత్తిన కూడా గుడ్డే. కప్పకపోతే ఆ ఇంటి ఆడదానికి పని రాదనుకుంటారు చుట్టాలు. నేను ఎర్ర దారంతో గులాబీలు కుట్టి రిసీవరు మీద కప్పేదాన్ని. ఆయన ఇళ్లకు పాలు పోసి వచ్చి, కాళ్లు కడుక్కోకముందే ఆ గుడ్డ తీసి మడత పెట్టేవాడు.

"గుడ్డ తియ్యవే. దానికి ఊపిరాడది."

"దానికి ముక్కేడున్నదో సూపియ్యి, తీస్త."

"నీకు చెప్పుడొకటే, బర్రెకు చెప్పుడొకటే."

"బర్రె పాలన్న ఇస్తది. నీ డబ్బా ఏమిస్తది?"

వచ్చిపోయే వాళ్లకు చూపించుకోవాలని ఆయన షోకు అనుకున్నాను. ఆయన గుడ్డ తీయడం, నేను కప్పడం. పాట మాత్రం ఇద్దరం వినేవాళ్లం.

ఆయన పోయాక గెలుపు నాదే అయింది. గులాబీల గుడ్డ కప్పి, దాని మీద ఆయన ఫోటోనే పెట్టాను. ఇంట్లో అంతకంటే మంచి చోటు ఇంకేముంది? రోజూ పొద్దున మూరెడు మల్లెపూలు వేసేదాన్ని. విచిత్రం ఏమిటంటే, పాటలు పెట్టిన రోజు మధ్యాహ్నానికే పూలు వడలిపోయేవి. పెట్టని రోజు సాయంత్రం దాకా నవనవలాడేవి. ఇంకేముంది, ఆయనకు నా మీద కోపం వచ్చిందనుకున్నాను. మొగుడు పోతే ఇది పాటలు వింటూ కూర్చుందని ఉడుక్కుంటున్నాడనుకున్నాను. ఒకరోజు ఫోటో ముందు నిలబడి చెంపలు కూడా వేసుకున్నాను. మరునాడు పాటలు మానలేక ఇంకాసేపు విన్నాను, పూలు ఇంకా తొందరగా వడలిపోయాయి. మొండి మనిషి కదా, ఊరుకుంటాడా అనుకున్నాను.

ఈ ఏడు ఇంటికి రంగులు వేయించారు. ముందు గదిలో గోడ పొడుగునా అల్మారా కావాలని కోడలు కోరిక. ఫోటో గోడకెక్కింది. మిగిలింది రిసీవరు.

"అత్తమ్మా, అల్మారల పట్టి అద్దం వెనక నీటుగ ఉంటే ఉండనియ్యి. లేకుంటే పాత సామాన్ల కబాడీకిచ్చేద్దాం" అంది కోడలు. మంచి పిల్లే. నీటు అనే మాట ఒక్కటే దాని రోగం.

కిషన్‌బాగ్ నుంచి వడ్రంగి భాయ్ వచ్చాడు. వారం రోజులు కొలిచి, కోసి, రిసీవరు కోసం పైన ఒక అర కట్టాడు. ముంజేతికి గాజు పట్టినట్టు పట్టింది. వెనక చెక్క, పక్కల చెక్క, మీద చెక్క, ముందు అద్దం తలుపు. వేళ్లతో టకటకా కొట్టి చూపించాడు.

"దేఖో అమ్మా, చీమ గూడ జొర్రది. ఫిటింగంటే గిట్లుండాలె."

మురిసిపోయి, లోపలే రిసీవరు మీద గులాబీల గుడ్డ కప్పాను.

ఆదివారం పక్కింటి వాళ్లను ఇద్దరిని పిలిచి పాట పెట్టాను. అరగంట బాగా పాడింది. తర్వాత గరగరమంది, టక్కుమంది, ఆగిపోయింది. గుడ్డ కాలుతున్న వాసన. అద్దం తీస్తే రొట్టెల భట్టీ మూత తీసినట్టు సెగ ముఖానికి కొట్టింది. గులాబీలు గోధుమ రంగుకు వచ్చాయి. కోడలు కేక పెట్టింది. మా వాడు ఉరికొచ్చి ప్లగ్గు పీకాడు.

"అమ్మా, ఇగ సాలు. ఇల్లు అంటుకుంటది. శుక్రవారం కబాడాయన గల్లీలకు వస్తడు, ఇచ్చేస్త."

"నేను సచ్చినంక ఇయ్యి."

"గిట్ల పెడితే అందరం ఒక్కసారే పోతం గదనే!"

వాడి మాటలో తప్పు లేదు. కానీ సాయంత్రం చల్లారాక బొత్తాం తిప్పితే అది మళ్లీ పలికింది. చావలేదు, సొమ్మసిల్లింది. శుక్రవారం దాకా నాకు గడువుంది.

కాసేపు పాడనిచ్చి అరలో చెయ్యి పెట్టి చూశాను. ఆ ఉక్క నాకు కొత్త కాదు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు, వడగాలి తగలకూడదని మా బర్రెల కొట్టాన్ని గోనెపట్టాలతో నాలుగు దిక్కులా మూసేశాను. మధ్యాహ్నానికి బర్రెలు నాలుకలు బయట పెట్టి రొప్పుతున్నాయి. మా అత్త వచ్చి నన్ను తిట్టి, గోడ అడుగున నాలుగు ఇటుకలు, కప్పులో రెండు పెంకులు తీసేసింది. "గాలి కాళ్ల కాడ జొర్రాలె, నెత్తి మీదికెళ్లి పోవాలె" అంది. గడియలో బర్రెలు నెమరు వేశాయి.

అప్పుడు ఆ కాలిన గుడ్డ తీసి చూశాను. రిసీవరు నెత్తిన సన్నటి చీలికలు, వరసగా. ముప్పై ఏళ్లు ఆయనను చూపించమన్న ముక్కు అదే. మల్లెపూలు వడలింది కూడా ఆ సెగకే. నేను చెంపలు వేసుకుంది ఇంకో తప్పుకు.

మంగళవారం భాయ్‌ని పిలిపించి, బర్రెల కొట్టం సంగతి చెప్పి, అరకు బొక్కలు పెట్టమన్నాను. భాయ్ ముఖం మాడిపోయింది.

"నా చేత్తోని చేసినదానికి నేనే బొక్కలు గొట్టాల్నా? ఎలుకలొస్తయి అమ్మా."

"జాలీ కొట్టు."

"ఇది మెషిన్ అమ్మా, భైంస్ కాదు."

"రెండిటికీ ఉక్కపోస్తది భాయ్. ఒకటి పాలిస్తది, ఒకటి పాటిస్తది. నువ్వు కొట్టు."

గొణుక్కుంటూ మీద చెక్కకు వెనక వైపు వరసగా బొక్కలు వేశాడు. మా ఆయన ఫోటో ముందు వెలుగుతున్న అగర్‌బత్తి తెచ్చి అరలో పెట్టి అద్దం మూశాను. పొగ అక్కడక్కడే తిరిగింది.

"కింద దారి లేంది మీదికెళ్లి ఎట్ల పోతది?" అన్నాను.

వెనక చెక్కకు అడుగున వేశాడు. అయినా పొగ కదల్లేదు. ఇద్దరం అల్మారా చుట్టూ తిరిగాం. వెనక గోడకు అంటి ఉంది. బొక్క పెట్టి అరచేత్తో మూసినట్టే. ఇద్దరం పట్టి నాలుగు వేళ్ల మందం ముందుకు జరిపాం. రిసీవరు కాళ్ల కింద చెక్క ముక్కలు పెట్టాడు. దాని నెత్తికీ మీది చెక్కకూ మధ్య జానెడు సందు ఉండేలా కింది చెక్కను ఇంకాస్త దించాడు. మళ్లీ అగర్‌బత్తి పెట్టాం. పొగ ఒకసారి ఊగి, తిన్నగా లేచి, మీది బొక్కల్లోంచి బుసబుసా బయటికి వచ్చింది.

"అరె వా!" అన్నాడు భాయ్. "భైంస్ కా ఏసీ!"

గురువారం పరీక్ష. మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టే వేళ దాకా పాటలు పెట్టాను. మా వాడు గంటగంటకూ వచ్చి జ్వరం చూసినట్టు చెయ్యి పెట్టి చూశాడు. గోరువెచ్చగా ఉంది. నాలుగోసారి చెయ్యి పెట్టినప్పుడు, పనిలో పనిగా శబ్దం కాస్త పెంచి వెళ్లాడు.

శుక్రవారం పొద్దున నేను పూలు కోస్తున్నాను. గల్లీలో కబాడాయన కేక వినిపించింది. నా చెయ్యి ఆగిపోయింది. మా వాడు స్నానంలో ఉన్నాడు. కోడలు గుమ్మంలోకి వెళ్లింది.

"అమ్మా, ఏదో పెద్ద సామానున్నదన్నరు?"

"ఏం లేదన్న, పో. మల్ల రా."

నేను పూలు పట్టుకుని లోపలికి వచ్చాను. కోడలు అల్మారా ముందు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. అల్మారా నెత్తి మీద తెల్లగా ఉతికిన గుడ్డ, దాని మీద నీలం దారంతో నెమళ్లు. కొత్త వస్తువు బోడిగా ఉండకూడదని పొద్దున్నే నేనే పరిచాను. మీది బొక్కలన్నీ నెమళ్ల కింద ఉన్నాయి.

"అత్తమ్మా, ఆ గుడ్డ తియ్యి. దానికి ఊపిరాడది."

గోడ మీద ఆయన వైపు చూశాను. తీశాను. ముప్పై ఏళ్లలో మొదటిసారి, ఎదురు మాట లేకుండా.