రద్దయిన కచేరీల గౌస్ పీర్

పాట కచేరీల పోస్టర్లు దాచుకునే పిచ్చి చాలామందికి ఉంటుంది. తాము వెళ్ళినవీ, విన్నవీ, ఈలలు వేసి గొంతు పోగొట్టుకున్నవీ దాచుకుంటారు. మా గుంతకల్లులో పరుపులు కుట్టే గౌస్ పీర్ మాత్రం జరగని కచేరీల పోస్టర్లే దాచుకుంటాడు. ఊరంతా అంటించి, మైకులో చాటించి, చివరికి రద్దయిన కార్యక్రమం అయితేనే ఆ కాగితం ఆయనకు కావాలి. జరిగిందని తెలిస్తే బంగారు పూత పూసి ఇచ్చినా ముట్టుకోడు.

“జరిగినదానికి పోస్టరెందుకక్కా? అది విన్నోళ్ళ చెవుల్లోనే ఉండాది గదా. జరగంది పాపం, దానికి ఆ కాగితం తప్ప ఇంగేం లేదు,” అంటాడు.

ఈ విషయంలో ఆయనకూ ఆటో ఓబుళేసుకూ చుక్కెదురు. ఓబుళేసుకు ఆర్కెస్ట్రా అంటే ప్రాణం. చుట్టుపక్కల ఏ జాతరలో పాటలు పెట్టినా బాడుగలు వదులుకుని పోతాడు. తెల్లారి గోడ మీది పోస్టరు తడిపి తడిపి ఊడదీసి, ఆటో సీటు కింద దాచుకుంటాడు. గాయని షాహిస్తా సంతకం పెట్టిన పోస్టర్లు తన దగ్గర రెండు ఉంటే, ఒకటి ఉదారంగా గౌస్ పీర్‌కు ఇవ్వబోయాడు.

గౌస్ పీర్ దాన్ని వెలుతురుకు పట్టి చూసి, “బాగా జరిగిందా?” అని అడిగాడు.

“జరగడమా? జనం తొక్కిడికి స్టేజీ కుంగిపోయిందన్నా.”

“అయ్యో,” అని నిజంగానే బాధపడి తిరిగి ఇచ్చేశాడు. “అట్లయితే నాకొద్దులేప్పా.”

ఓబుళేసుకు పోస్టరంటే ఆ రోజు తను అక్కడ ఉన్నాననడానికి సాక్ష్యం. గౌస్ పీర్‌కేమో, ఆ రోజు అక్కడ ఎవరూ లేరనడానికి సాక్ష్యం. ఒకరినొకరు పిచ్చివాళ్ళనుకుంటూనే ఇద్దరూ ఒకే గ్లాసు టీని సగం సగం తాగుతారు.

గౌస్ పీర్ దుకాణం రైలుగేటు దగ్గర సందులో ఉంటుంది. రేకుల కింద చెక్కలు కొట్టించి, పోస్టర్లన్నీ పైకప్పుకే అంటించాడు. పరుపు కొనేవాడు గోడ వైపు చూడడు, వెల్లకిలా పడుకుని పైకి చూస్తాడు అన్నది ఆయన లెక్క. ఫ్యాను పెట్టలేదు, దూది లేస్తుందని. ఫ్యాను లేకపోయినా లేస్తూనే ఉంటుందనుకోండి. మధ్యాహ్నం తలుపు సందులోంచి పడే ఎండలో దూదిపింజలు ఎక్కడికి పోవాలో తోచనట్టు తేలుతుంటాయి. విత్తనం వేళ దాటిపోతున్నా మబ్బుతునక కనపడని మా జిల్లాలో మబ్బులు కిందికి దిగి ఉండే చోటు అదొక్కటే.

“పండుకో,” అంటాడు దుకాణానికి వచ్చినవాడితో. “పైకి చూడు. చదివినావా? ఇప్పుడు కండ్లు మూసుకో. వినపడతాందా?” ధర అడగడానికి వచ్చినవాడికి ఇదేం గోలో అర్థమయ్యేలోగా రెప్పలు బరువెక్కుతాయి. ఒకసారి ఒక పెళ్ళికొడుకు పరుపు మెత్తదనం చూద్దామని ఒరిగి అక్కడే నిద్రపోయాడట. పెళ్ళివాళ్ళు వీధులన్నీ వెతికి వచ్చి లేపితే, “ఇంకొక్క పాట అయినాక వస్తా,” అన్నాడట. ఇది గౌస్ పీర్ భార్య రమీజా చెప్పింది. రమీజా అబద్ధం చెప్పదు, పరుపు అంచు కుట్టినట్టు కొంచెం మడిచి పొడిగిస్తుంది, అంతే.

పైకప్పు మీద ఒక్కో కచేరీదీ ఒక్కో చావు. ఒక ఊర్లో ఏ నాయకుడి పేరు ముందు చదవాలనే కొట్లాటలో పోయింది. మరో ఊర్లో జాతరకు ఖవ్వాలీ పెడతామంటే గుడి పెద్దలూ వద్దన్నారు, మసీదు పెద్దలూ వద్దన్నారు. ఆ ఊర్లో హిందూ ముస్లిం ఐకమత్యం నేను కళ్ళారా చూసింది ఆ ఒక్కరోజే. ఇంకొకటి గార్లదిన్నె వైపు పల్లెది. ఏళ్ళతరబడి సరైన వాన లేని ఆ పల్లెలో ఆర్కెస్ట్రా వాళ్ళు మైకులో “హలో, హలో” అనేలోగా వాన పట్టుకుంది. జనం కుర్చీలు నెత్తిన పెట్టుకుని, పాటగాళ్ళ మాటే మరచిపోయి, చేల వైపు పరుగెత్తారు. ఆ పోస్టరులో రంగులు కారిపోయి గాయకుడి మీసం గాయని చెంప మీదికి వచ్చింది. “ఇదొక్కటి మాత్రం పుణ్యానికి రద్దయిందక్కా,” అని మురిసిపోతూ దాన్ని అన్నిటికంటే మంచి పరుపుకు ఎదురుగా అంటించాడు.

పోస్టర్ల కోసం ఆయన పోటీపడేది మేకలతో. కాగితం వెనక ఉడికించిన మైదా బంక ఉంటుంది. పరక గడ్డి దొరకని మేకలకు అది పెళ్ళి భోజనం. కచేరీ రద్దయిందని తెలియగానే గౌస్ పీర్ తడిగుడ్డా రేకుముక్కా పట్టుకుని సైకిల్ మీద బయల్దేరతాడు. ఆయన చేరేసరికి ఎర్రన్న మేకలు గాయకుణ్ణి మోకాళ్ళ దాకా తినేసి ఉంటాయి. ఎర్రన్న నొచ్చుకుంటే, “కాళ్ళు పోతే పోనీలేప్పా, పాడేది గొంతుతోనే గదా,” అని మిగిలింది ఊడదీసుకుంటాడు. ఫ్లెక్సీలను మాత్రం దగ్గరికి రానివ్వడు. అవి రద్దయినా సిగ్గు లేకుండా సెనక్కాయల కుప్ప మీద కప్పుగా బతికేస్తాయట.

ఇట్లాంటి మనిషిని కార్యక్రమాలు పెట్టేవాళ్ళు ఎట్లా చూస్తారో ఊహించండి. జలుబు చేసిన ఇంటికి పాడె కట్టేవాడు వచ్చినట్టు. ఆయన ఒక పోస్టరు ముందు సైకిలాపి ఆశగా చూశాడంటే కమిటీవాళ్ళ గుండెల్లో రాయి పడుతుంది. జాతర కమిటీ లింగప్ప అయితే ఆయన్ను కూర్చోబెట్టి టీ ఇప్పించి, “అన్నా, మాది జరుగుతాది. నీకు దండం పెడతా, ఇటు చూడాకు,” అని బతిమాలి పంపించాడు.

పోయిన ఎండాకాలం ఆ రాయి నా గుండెల్లోనూ పడింది. మేము కొందరు ఆడవాళ్ళం సంఘం పెట్టుకుని నీళ్ళ కోసం, కూలి కోసం కొట్లాడుతుంటాం. మా సభలకు యాడికి అనే ఊరి నుంచి ఫిర్దోస్ అనే ఆమె వచ్చేది. పని లేని నెలల్లో బెంగళూరు పోయి ఇటుకలు మోస్తుంది, ఉన్న నెలల్లో సెనక్కాయలు వలుస్తుంది. నీళ్ళ ట్యాంకరు కోసం బిందెల వరుసలో నిలబడి తనే పాటలు కట్టి పాడుతుంది. ఆమె ఒక్కదాని పాటలతోనే కచేరీ చేద్దామని కల్యాణమండపం మాట్లాడి, “ఫిర్దోస్ నీళ్ళ పాటలు” అని పోస్టరు వేశాం. రేషన్ కార్డు మీద తప్ప ఇంకెక్కడా అచ్చులో ఎరగని పేరు, అరచేయంత అక్షరాల్లో. ఆమె దాన్ని చాలాసేపు చూసి, “ఇది నేనేనా అక్కా, ఇంగో ఫిర్దోసా?” అని అడిగింది.

ఇంట్లో మరిది బాషా నవ్వాడట. బిందెల కాడి పాట కూడా ఒక కచేరీనా, ఎవరొచ్చి వింటారు అన్నాడట. “నువ్వు పాడి వచ్చినావంటే వీధి వీధీ నేనే చాటిస్తా వదినా. పాడకుండా వచ్చినావంటే మల్లా ఇంట్లో కూనిరాగం గూడా తీయాకు.” ఫిర్దోస్ సరే అని మాటిచ్చి వచ్చింది.

మా పోస్టరు దగ్గర గౌస్ పీర్ సైకిలాపినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ముందుకు పొమ్మన్నాను. “పోతాండాలేక్కా,” అన్నాడు గాని పోలేదు. అంచున వేలు పెట్టి బంక చూశాడు. “మైదా బాగా ఉడికింది. సులువుగా ఊడొస్తాది,” అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

కచేరీ రోజు పొద్దున మండపం యజమాని లక్ష్మీపతి ఫోన్ చేశాడు. “అక్కా, పెండ్లి పాటలు పాడించుకోండి, నేనే దండేసి కూర్చోబెడతా. నీళ్ళ పాటలొద్దు. పైనుంచి ఫోనొచ్చింది,” అన్నాడు. పైనుంచి మాకు నీళ్ళు రావు గాని ఫోన్లు మాత్రం టైముకు వస్తాయి. నేను చట్టం మాట్లాడాను, హక్కులు మాట్లాడాను. మండపం గేటుకు పడిన తాళం ఏదీ వినలేదు.

అప్పటికే ఫిర్దోస్ కొత్త చీర కట్టుకుని, డోలక్ వాయించే యేసన్నతో రైలు దిగి వచ్చేసింది. తాళం వైపు చూసి మెట్టు మీద కూర్చుంది. ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. “ఊర్లో ఏం చెప్పల్లక్కా?” అని మాత్రం అడిగింది. నా దగ్గర పెద్ద పెద్ద జవాబులు చాలా ఉన్నాయి. బాషాకు చెప్పుకోదగ్గది ఒక్కటీ లేదు.

సరిగ్గా అప్పుడే తడిగుడ్డా రేకుముక్కా పట్టుకుని గౌస్ పీర్ దిగాడు.

“కాకి మాదిరి కాచుకోనుంటివా?” అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి అచ్చుకు పనికిరావు. ఆయన నా తిట్లకు తల ఊపుతూనే, మూల చిరక్కుండా పోస్టరు ఊడదీసి, పసిబిడ్డను చుట్టినట్టు చుట్టుకున్నాడు.

“మిగిలింది మల్లా తిట్టక్కా. ఎండలో ఎందుకు, అందురూ అంగడికి రాండి. రమీజా అన్నం వండింది.”

ఇంతమందికి ఎప్పుడు వండిందని అడిగాను. పోస్టరు చూసిన రోజే చెప్పి పెట్టాడట. మరి కచేరీ జరిగి ఉంటే?

“జరిగుంటే ఆ అన్నం ఎర్రన్న మేకలకు.”

తిన్నాక మమ్మల్నందరినీ పరుపుల మీద పడుకోమన్నాడు. అక్కడ కూర్చుని వినే ఆచారం లేదట. మా సంఘంలో పెద్దది వెంకటలక్ష్మమ్మ, ముఖం కడుక్కుని, కాళ్ళు రెండుసార్లు తుడుచుకుని, జన్మలో మొదటిసారి పరుపెక్కింది. ఫిర్దోస్‌కు దొంతరగా పేర్చిన కొత్త పరుపుల మీద చోటు చూపించాడు. ఆమె ఎక్కలేదు.

“జాలికి వినేదైతే వద్దన్నా. నేను కచేరీ అని చెప్పి వచ్చినా. ఇది అంగడి.”

గౌస్ పీర్ తల గోక్కుంటూ పెళ్ళాం వైపు చూశాడు.

“చెప్పరాదా,” అంది రమీజా. “ఎన్ని దినాలు దాస్తావు?”

ఆయన కప్పు వైపు చెయ్యి ఎత్తాడు. “పైన సూడమ్మా. వాళ్ళందురూ ఈడ పాడి పోయినోళ్ళే.”

మేమంతా పైకి చూశాం. నమ్మకపోతామేమోనని రమీజా సాక్ష్యాలు అందుకుంది. వానకు తడిసిన ఆర్కెస్ట్రా వాళ్ళు ఇదే గుమ్మంలో చొక్కాలు పిండుకున్నారట. ఖవ్వాలీ ఆయన పాట ఊపులో అప్పుడే కుట్టిన పరుపు మీద టీ పారబోసుకుంటే, ఆ మరక మీద పువ్వు కుట్టి అమ్మాల్సి వచ్చిందట. ఏ కచేరీ ఆగిపోయినా ఆ పాటగాళ్ళు రైలెక్కాల్సింది గుంతకల్లులోనే. రైలు వచ్చేదాకా వాళ్ళను వెతికి పట్టుకుని తీసుకురావడం, అన్నం పెట్టడం, పాడించుకుని వినడం. పోస్టరు కోసం పోయే మనిషి అసలు పోయేది పాటగాళ్ళ కోసం.

ఇన్నాళ్ళూ ఒక్క మాట ఎందుకు చెప్పలేదని అడిగాను. చెప్తే లక్ష్మీపతికి వచ్చిన ఫోనే తనకూ వస్తుందన్నాడు. తర్వాత దూది దులుపుకుంటూ నవ్వాడు.

“రద్దు చేసినోళ్ళను సుఖంగా నిద్దరపోనీలేక్కా. వాళ్ళ పరుపులు గూడా నేను కుట్టినవే.”

ఫిర్దోస్ చెప్పులు విడిచి పరుపుల దొంతర ఎక్కింది.

గౌస్ పీర్ గోడకున్న దూది ఏకే విల్లును దించాడు. తాత వాడినది, మిషను వచ్చాక దానికి పని లేదు. తీగను వేలితో మీటితే ఝుమ్మని ఒకే శ్రుతి పలికింది. యేసన్న డోలక్ దాన్ని అందుకుంది. చుట్టూ దూది బస్తాలు, పరుపులు. ఆమె ఎంత గొంతెత్తినా శబ్దం సందులోకి పోదు. దూది తాగేసినంత తాగి, మిగిలింది మా మీదికి మెల్లగా వదులుతుంది. ట్యాంకరు రాక, నిలబడీ నిలబడీ ఆడవాళ్ళు నిద్రపోతే, వరుసలోని బిందెలు ఒకదాని వెనక ఒకటి లేచి ఏటికి నడిచిపోయాయని ఆమె పాట. పైన మీసం కారిన గాయకుడూ, కాళ్ళు లేని గాయకుడూ వింటున్నారు. తలుపు సందు ఎండలో దూది నురగలాగా కదులుతోంది. ఎప్పుడు కళ్ళు మూసుకున్నానో తెలియదు, నేనూ ఆ బిందెల వెనక నడిచిపోతున్నాను. కాళ్ళ కింద తడి ఇసుక తగిలింది. ఒట్టు.

నడుమ వెంకటలక్ష్మమ్మ గురక మొదలైంది. లేపబోతే ఫిర్దోస్ వద్దని సైగ చేసి, ఆ గురక తాళానికి పాట నెమ్మది చేసింది. అంతా అయ్యాక లేపితే ముసలామె కోపంగా చూసింది. “ఏటి దాకా పోయింటిని. ఎందుకు లేపితిరే?”

బాషా మాట తప్పలేదు. ఎవరు విన్నారని అడిగితే, “అందురూ పండుకొని విన్నారు,” అని ఫిర్దోస్ చెప్పిందట. అదేం కచేరీయో అతనికి అంతుపట్టలేదు గాని, వీధి వీధీ తిరిగి చాటించాడు.

ఈ ఏడు గట్టిగా పోరాడి మున్సిపల్ మైదానానికి అనుమతి తెచ్చుకున్నాం. కాగితం చేతికి రాగానే ఫిర్దోస్‌కు ఫోన్ చేసి శుభవార్త చెప్పాను.

“ఇది నిజంగా జరుగుతాదా అక్కా?”

“ఖాయంగా జరుగుతుంది.”

“అట్లనా,” అంది నీరసంగా. “రద్దయ్యే దోవ ఏమన్నా ఉంటే సూడక్కా. ఆ పరుపుల కాడ గొంతుకు శానా హాయిగా ఉండాది.”

ఫోన్ చేతిలో ఉండగానే కిటికీలోంచి చూశాను. మా కొత్త పోస్టరు ముందు గౌస్ పీర్ సైకిలాపి, అంచున వేలు పెట్టి బంక చూస్తున్నాడు. ఈసారి పొమ్మనలేదు. ఆయనే నన్ను చూసి, రమీజాను అన్నం వండమనాల్నా అన్నట్టు అక్కణ్ణుంచే చెయ్యి ఊపి అడిగాడు.