మేము అమాయకుడన్న మనిషి

మా ఊళ్లో ఆ మంట గురించి మాటొస్తే ఇప్పటికీ ఒకటే అంటారు: "పాపం, అమాయకుణ్ణి కొట్టినం." నిజామాబాద్‌కు మారాక నేను కూడా చాలా ఏళ్లు అదే అన్నాను. ఆ మాటలో కొట్టినవాళ్లం అందరం ఉన్నాం. నిప్పు పెట్టినవాడు మాత్రం లేడు. పెట్టింది నేను.

బోధన్ చుట్టుపక్కల చెరకు పండించినవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. దగ్గరి ఫ్యాక్టరీ మూతబడ్డాక చెరకు దూరం పోవాలి. కోత పర్మిట్ రాక చేలు ఎండిపోయేవి. కాలిన చెరకు ఆగదు, రసం తగ్గిపోతుంది, కాబట్టి దాన్ని ముందు నరికిస్తారు. అందుకని తన చేనుకు తనే అగ్గిపుల్ల గీసి, ఎవడో బీడీ పారేశాడని చెప్పేవాళ్లు ఉండేవారు. ఆ మధ్యాహ్నం నేనూ అదే చేశాను.

గాలి తిరిగింది. మంట గట్టు దాటి మా నాన్న అన్న, పెద్దబాపు చేనులో పడింది. ఆయన కొట్టంలో రెండు ఎడ్లు కట్టేసి ఉన్నాయి. మనుషులు పరుగెత్తుకొచ్చేసరికి కొట్టం కప్పు కూలింది. ఎడ్ల అరుపులు ఆగేదాకా ఎవరం దగ్గరికి పోలేకపోయాం.

చెరకు నరకడానికి మరాఠీ ప్రాంతం నుంచి వచ్చిన కూలీ ఒకతను పొగ చూసి రోడ్డు వైపు నుంచి ఉరికొచ్చాడు. ఎవరో అతని జేబు తడిమారు. అగ్గిపెట్టె దొరికింది.

"ఈడే! సూడుండ్రి, అగ్గిపెట్టె!"

నా జేబులోనూ ఒకటి ఉంది.

అతన్ని ట్రాక్టర్ ట్రాలీకి ఆనించి పట్టుకున్నారు. మా చిన్నాన్న నా వీపు మీద చరిచాడు. "నీ చేను గుడ కాలింది గదరా, గట్ల సూస్తవేంది? కొట్టు!"

నేను ఆలోచించాల్సిన క్షణం అదే. కొట్టకపోతే ఎందుకు కొట్టడం లేదని అడుగుతారేమో అనుకున్నాను. చెరకు గడతో మొహం మీద కొట్టాను. గడ విరిగింది. చేతికి ఇనుపరాడ్ ఎవరిచ్చారో గుర్తులేదు, తీసుకున్నది మాత్రం గుర్తుంది. "మీ నాహీ, దాదా, మీ నాహీ" అన్నాడు. నేను కాదు, అన్నా, అని. తలకు అడ్డంగా కుడిచెయ్యి పెట్టుకున్నాడు. మణికట్టు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఆ తర్వాత అందరూ అతని మీద పడ్డారు. కింద పడ్డాక కాళ్లతో తన్నారు. అతని భార్య వచ్చి అతనికి అడ్డం పడితే ఆమెను జుట్టు పట్టి ఈడ్చారు. కూలీలను తెచ్చిన ముకద్దం వచ్చి కాళ్లు పట్టుకుంటేగానీ వదల్లేదు.

మర్నాడు లారీ డ్రైవర్ వచ్చి, పొగ లేచేదాకా అతను తన లారీ మీద లోడు ఎత్తుతూనే ఉన్నాడని చెప్పాడు. అప్పుడు పుట్టింది మా ఊళ్లో ఆ మాట. "అరెరె, అమాయకుడు." ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. మరి ఎవరు పెట్టారని ఒక్కరూ అడగలేదు.

పోయిన సీజన్ మొదట్లో ఏదో పని మీద ఊరికి పోయాను. గ్రామ కమిటీ వాళ్లు కూర్చుని ఉన్నారు. ముకద్దం ఎదురుగా నిలబడ్డాడు.

"మీరు కొట్టినోన్ని ఏ కూలి గుంపోళ్లు రానిస్తలేరు పటేలా. చేన్లకు అగ్గి పెట్టెటోడని పేరు పడ్డది."

"వాడు అమాయకుడని ఎప్పుడో చెప్పినం గదనయ్యా," అన్నాడు కమిటీ పెద్ద.

"గట్ల చెప్తే ఎవడు నమ్ముతడు? మరి పెట్టిందెవడు అని అడుగుతుండ్రు. ఏం చెప్పాలె నేను?"

పెద్దబాపు కూడా అక్కడే ఉన్నాడు. నిప్పు నేనే పెట్టానన్నాను.

కమిటీ పెద్ద నవ్వే ప్రయత్నం చేశాడు. "వీడొక అమాయకుడు. గాలి తిరుగుతదని వీనికేం ఎర్క?"

అప్పటిదాకా ఆ కూలీకి కప్పిన మాటనే తీసి నాకు కప్పబోయారు. కప్పుకుంటే బయటపడేవాణ్ణి.

"గాలి సంగతి ఎర్కలేదు," అన్నాను. "కొట్టేటప్పుడు మాత్రం ఎర్కనే."

పెద్దబాపు లేచి చెప్పు తీశాడు. ఆ వయసులో అంత బలం ఉంటుందనుకోలేదు. పెదవి పగిలింది. "ఎడ్లు పోతే పోయినయ్, మనిషిని గట్ల కొడ్తవురా, లంగా!" అంటూ రొప్పుతూ కొట్టాడు. ఎవరూ ఆపలేదు. నేనూ చేయి అడ్డం పెట్టలేదు.

ముకద్దం ఆ కూలీకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. నేను తెలుగులో చెప్పింది అతను మరాఠీలో చెప్పాడు. అటునుంచి జవాబు చిన్నగా వచ్చింది. ముకద్దం నా వైపు చూశాడు.

"వానికి ఎర్కనేనంట. లారీ మీద నిలబడితే నీ చేను కనబడతదట. నువ్వు వంగి అంటిస్తుంటే సూసిండట."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలే?" అన్నాను.

ముకద్దం ఆ మాట అతన్ని అడగను కూడా లేదు. "చెప్తే నిన్ను కొడుదురా మీ ఊరోళ్లు? వాన్ని సంపుదురు."

ఫోన్‌లో ఇంకేదో వినబడింది. పిలిస్తే పనికి వస్తాడట. విరిగిన ఆ చెయ్యి కత్తి పట్టదు కాబట్టి భార్య నరుకుతుంటే తను మోపులు కడతాడట.

"ఈ సారి వాన్ని నా గుంపులకు తీస్కుంట," అన్నాడు ముకద్దం, ఫోన్ జేబులో పెట్టుకుంటూ. "మీ ఊరికి మాత్రం పంపియ్య."